13 ఏళ్ల అమ్మాయికి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్: 20 వేల లోపు ఏది చూడాలి, ఏది వద్దు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా అమ్మాయి స్కూల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో సాధనకి ఒకటి కొందామనుకుంటున్నాం. చేతిలో 15 వేలున్నాయి, మహా అయితే 20 దాకా సర్దగలను. షాపులో ఒకటి 1200 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అన్ని అడుగుల వేగం) అని చూపించారు, దాని పక్కనే 600 చిల్లరది. ధరలో పెద్ద తేడా లేదు. వేగం ఎక్కువున్నదే తీసుకోనా? పైన స్కోప్ కూడా పెట్టించుకోమంటున్నారు. లైసెన్సు సంగతి ఏమిటి? సెలవులకి ఆంధ్రాలోని పాతపట్నంలో మా అత్తగారింటికి పట్టుకెళ్తే ఒడిశా దాటినట్టే కదా, ఇబ్బందేమైనా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (బరంపురం నుంచి)

అన్నగారూ, ముందు ఆ 1200ని మర్చిపోండి. ఫైన్‌వెర్క్‌బావ్ 800, వాల్తర్ ఎల్‌జీ 400 లాంటి ఒలింపిక్ స్థాయి రైఫిళ్లు కూడా పెల్లెట్‌ని (చిన్న సీసపు గుండుని) సెకనుకి సుమారు 170-175 మీటర్ల వేగంతోనే వదులుతాయి. అంటే 560-575 ఎఫ్‌పీఎస్. 10 మీటర్లకి అంతకుమించి అక్కర్లేదు. మీ ధరలో దొరికే రైఫిళ్లలో ప్రతి పెల్లెట్‌కీ బ్యారెల్‌ని మడిచి లోపలి స్ప్రింగ్‌ని లాగాలి. వేగం పెరిగితే స్ప్రింగ్ గట్టిపడుతుంది, బ్యారెల్ మడవడానికి బలం ఎక్కువ కావాలి, కుదుపు పెరుగుతుంది. పోటీలో 60 పెల్లెట్లు పేల్చాలి. 13 ఏళ్ల పిల్ల గట్టి స్ప్రింగ్‌ని ఇరవైసార్లు లాగేసరికే భుజం అలిసిపోతుంది, ఆ తర్వాత గురి కుదరదు.

లైసెన్సు సంగతి కూడా ఈ వేగంతోనే ముడిపడి ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 మి.మీ. (0.177 అంగుళాలు) దాటినా, మజిల్ ఎనర్జీ (బ్యారెల్ మూతి దగ్గర పెల్లెట్‌కున్న శక్తి) 20 జౌల్స్ దాటినా లైసెన్సు కావాలి. లెక్క మీరే వేసుకోవచ్చు: పెల్లెట్ బరువు కిలోల్లో, వేగం సెకనుకి మీటర్లలో తీసుకోండి. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని బరువుతో గుణించి, సగం చేయండి. 0.53 గ్రాముల మామూలు పెల్లెట్ 275 మీటర్ల వేగంతో, అంటే సుమారు 900 ఎఫ్‌పీఎస్‌తో పోతే 20 జౌల్స్ అయిపోతాయి. అదే పెల్లెట్ 1200 ఎఫ్‌పీఎస్‌తో పోతే 35 జౌల్స్. కాబట్టి డబ్బా మీద 1200 అని వేశారంటే, బాగా తేలికైన పెల్లెట్‌తో కొలిచి ఉండాలి, లేదా అంకె పెంచి వేసి ఉండాలి, లేదా ఆ రైఫిల్ హద్దు దాటుతుండాలి. మూడింట్లో ఏదైనా మీకు పనికిరాదు. 5.5 మి.మీ. (0.22) బోరు చూపిస్తే అసలు ముట్టుకోవద్దు. పోటీకి 4.5 తప్ప ఒప్పుకోరు.

రెండు హద్దుల లోపలున్నదానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ కొనేవారికి 18 ఏళ్లు నిండాలి, గుర్తింపు, చిరునామా కాగితాలు ఇవ్వాలి. అందుకని బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. రైఫిల్ నంబరు, బోరు, మోడల్ అందులో రాయించుకోండి. ఆయుధ చట్టం కేంద్రానిది, పాతపట్నం వెళ్లినా నియమం మారదు. కేసులో పెట్టి, స్ప్రింగ్ లాగకుండా, పెల్లెట్ల డబ్బా విడిగా, బిల్లు నకలు వెంట పెట్టుకుని మీరే తీసుకెళ్లండి. పిల్ల చేతికిచ్చి బస్సెక్కించకండి.

స్కోప్ వద్దు. 10 మీటర్ల పోటీలో స్కోప్ పెట్టనివ్వరు. అమ్మాయి ఓపెన్ సైట్‌లో (గాడిలోంచి గురి చూసేది) ఆడుతోందో, పీప్ సైట్‌లో (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) ఆడుతోందో కోచ్‌ని అడిగి, ఇంట్లోనూ అదే సైట్‌తో సాధన చేయించండి.

జవాబు (రాయగడ నుంచి)

బరంపురం మేస్టారు చెప్పినదానికి రైఫిల్ రకం గురించి కొంచెం కలుపుతాను. మీ డబ్బుకి దొరికేది బ్యారెల్ మడిచే స్ప్రింగ్ రైఫిలే. స్ప్రింగ్ బదులు గ్యాస్ పిస్టన్ ఉన్నవీ ఉన్నాయి. వాటిలో కుదుపు కొంచెం మృదువుగా ఉంటుంది కానీ సీలు పోతే ఊళ్లో బాగుచేసేవాళ్లు దొరకరు, మొత్తం పిస్టనే మార్చాలి. స్ప్రింగ్ అయితే మంచి మెకానిక్ మారుస్తాడు. మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు, అందుకే నా ఓటు స్ప్రింగ్‌కే. గాలి నింపే పీసీపీ దేశీయమైనవే దీనికి రెండు మూడు రెట్లవుతాయి, విదేశీ మ్యాచ్ రైఫిళ్లు రెండు లక్షల పైమాటే.

ప్రెసిహోల్, ఎస్‌డీబీ, ఐహెచ్‌పీ, కంపెనీ ఏదైనా సరే, మీ చేతికొచ్చిన ఆ ఒక్క రైఫిల్‌నే పరీక్షించి తీసుకోండి. ఒకే మోడల్‌లో రెండు రైఫిళ్లు వేరువేరుగా కొడతాయి. షాపుకి అమ్మాయిని తీసుకెళ్లండి. స్టాక్ (రైఫిల్ పిడి) వెనుక చివరని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలి మొదటి గణుపు ట్రిగర్‌ని అందుకోవాలి. అందకపోతే స్టాక్ పొడుగన్నమాట. బ్యారెల్‌ని వరసగా పదిసార్లు తనే లాగి చూడాలి, పదోసారి కూడా మొదటిసారిలాగే రావాలి. ట్రిగర్ రెండు దశల్లో కదిలేది, స్క్రూతో సర్దుకునేది అయితే మంచిది. పైన 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉందో లేదో చూడండి, రేపు పీప్ సైట్ బిగించడానికి అదే ఆధారం.

ఆ తర్వాత 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టి, సంచి మీద ఆనించి 5 పెల్లెట్లు పేల్చమనండి. ఫ్లాట్ తల పెల్లెట్లే వాడండి, కాగితం మీద గుండ్రంగా చిల్లు పడుతుంది, కొలవడం తేలిక. రంధ్రాల మధ్య నుంచి మధ్యకి 10-12 మి.మీ. లోపల పడితే సాధనకి సరిపోతుంది. 25 మి.మీ. పైన చెదిరితే ఇంకోటి చూపించమనండి. ఒక పెల్లెట్ రకంతో చెదిరితే ఇంకో రకం కూడా వేసి చూడండి, తల కొలత 4.49కి, 4.50కి మధ్య కూడా తేడా కనిపిస్తుంది.

కొన్నాక జరిగే తప్పులు ఇవీ. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చకూడదు. ముందు గాలి దిండు ఉండదు కాబట్టి పిస్టన్ నేరుగా వెళ్లి లోపలి గొట్టం చివరి గోడకి గుద్దుకుంటుంది, సీలూ స్ప్రింగూ పాడవుతాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి. ట్రిగర్ జారిందంటే బ్యారెల్ ఒక్కసారిగా మూసుకుంటుంది, వేళ్లు నలుగుతాయి. కొత్త రైఫిల్‌లో మొదటి 200-300 పెల్లెట్ల దాకా ఫ్యాక్టరీ నూనె కాలి పొగ, వాసన వస్తాయి, దెబ్బలు పైకీ కిందకీ పడతాయి. అంతవరకూ సైట్లు తిప్పకండి. ఆ తర్వాత కూడా పెద్ద చప్పుడుతో పొగ వస్తుంటే ఎవరో గాలి రంధ్రంలో కొబ్బరినూనో, కుట్టుమిషన్ నూనో పోశారన్నమాట. అక్కడ నూనె వేయకూడదు.

దెబ్బలు ఉన్నట్టుండి చెదిరాయా, ముందు స్టాక్ స్క్రూలు చూడండి. కుదుపుకి వదులవుతుంటాయి, ఎక్కువసార్లు కారణం అదే. అవి బిగువుగానే ఉంటే, బ్యారెల్ మడిచే కీలు మీద టిష్యూ ముక్క పెట్టి ఒక పెల్లెట్ పేల్చండి. కాగితం ఎగిరితే అక్కడి రబ్బరు రింగు అరిగింది, మార్పించండి. చవగ్గా అయిపోతుంది.

స్ప్రింగ్ రైఫిల్‌ని బిగించి పట్టుకోకూడదని అమ్మాయికి చెప్పండి. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే పిస్టన్ కుదుపు మొదలవుతుంది. ముందు చేతి అరచెయ్యి తెరిచి, ప్రతిసారీ అదే చోట స్టాక్‌ని ఊరికే ఆనించాలి.

ప్రశ్న (గుణుపురం నుంచి)

ఇదే చర్చలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా జీడితోటలో కోతుల బెడద. ఇలాంటిదే ఒకటి కొంటే వాటిని తరమడానికి పనికొస్తుందా?

జవాబు (బరంపురం నుంచి)

వద్దు బాబూ. పెల్లెట్ సాధారణంగా కోతిని చంపదు, చర్మం కింద దిగి పుండవుతుంది, అది వారాల తరబడి నరకయాతన. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, ఆ కోతి 1972 వన్యప్రాణి చట్టం జాబితాలో ఉన్న రకమైతే అది కూడా వర్తిస్తుంది. తోటలో కూలీలు కూడా తిరుగుతుంటారు, రాయికి తగిలిన పెల్లెట్ వాళ్ల కంటికి రావచ్చు. అటవీ శాఖ రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

చాలా సాయం చేశారు. తెలిసినవారొకరు పాత విదేశీ పీసీపీ తక్కువకి ఇస్తామంటున్నారు, అప్పు చేసైనా తీసుకోనా? ఇంకోటి, మా వరండా 7 మీటర్లే ఉంది.

జవాబు (రాయగడ నుంచి)

పీసీపీ అయితే మొదట సిలిండర్ మీద గుద్దిన తయారీ తేదీ చదవండి. తయారీదారు ఇచ్చిన గడువు (సాధారణంగా 10 ఏళ్లు) దాటిన సిలిండర్‌ని పోటీలో ఒప్పుకోరు, కొత్తది కొనాలంటే మిగిల్చిన డబ్బంతా దానికే పోతుంది. 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపి రాత్రంతా ఉంచి, తెల్లారి గేజి చూడండి, ముల్లు దిగిందంటే సీళ్లు పోయినట్టు. గాలి ఎక్కడ నింపిస్తారో ముందే తేల్చుకోండి. చేతిపంపుతో 200 బార్ ఎక్కించడం పిల్ల పని కాదు, వానాకాలంలో తేమ కూడా లోపలికి పోతుంది. వెల్డింగ్ షాపులోనో, ఆస్పత్రిలోనో ఉండే ఆక్సిజన్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నింపించకండి, గ్రీజు తగిలితే పేలిపోతుంది. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వినకండి. అప్పు చేయనక్కర్లేదు. ఈ ఏడాది స్ప్రింగ్‌తో ఇంట్లో, స్కూల్లో వాళ్ల రైఫిల్‌తో సాధన చేయనివ్వండి. మిగిలిన డబ్బు షూటింగ్ జాకెట్‌కి, పెల్లెట్లకి పెట్టండి.

7 మీటర్లు చాలు. 10 మీటర్ల టార్గెట్ 45.5 మి.మీ., నల్ల వలయం 30.5 మి.మీ. వాటిని 70 శాతానికి తగ్గించి జిరాక్స్ తీయించండి, నలుపు 21 మి.మీ. చిల్లర వస్తుంది, సైట్‌లోంచి చూస్తే అంతే సైజులో కనిపిస్తుంది. పదో పాయింటు మధ్యచుక్క నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి. దాని వెనుక 3 మి.మీ. ఇనుప రేకు పైభాగం ముందుకి వంచి, 45 డిగ్రీల వాలులో పెట్టెలో బిగించండి, పెల్లెట్ కిందకి పడుతుంది. పెట్టె ముందు అట్టముక్క అంటిస్తే ముక్కలు వెనక్కి రావు. వెనుక గట్టి గోడ ఉండాలి, పక్కన తలుపు ఉంటే గడియ వేయండి. అందరికీ కళ్లద్దాలు పెట్టండి. రాలిన సీసపు పొడిని చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. అమ్మాయి అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.