బౌలింగ్ ఆటలో యంత్రం ఆగిపోయిన సమయానికి కూడా డబ్బు కట్టాలా?

ప్రశ్న: గంజాం గృహిణి

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. దసరా సెలవులకు శ్రీకాకుళం నుంచి మా ఆడపడుచు తన పిల్లలతో వచ్చినప్పుడు, పిల్లలు పట్టుబట్టడంతో దగ్గరలో ఉన్న ఒక బౌలింగ్ కేంద్రానికి అందరమూ వెళ్ళాము. బరువైన బంతిని దొర్లించి, దూరాన నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆట అది. అక్కడ ఆటకు ఇంత అని కాకుండా గంటకు ఇంత అని, బంతి దొర్లించే బాట అయిన లేన్‌ను అద్దెకు ఇస్తారు. ఆడేవాళ్ళం ఆరుగురం కాబట్టి ఒక గంటకు డబ్బు ముందే కట్టించుకుని, దానిని ఒక ప్లాస్టిక్ కార్డులో వేసి చేతికిచ్చారు. బిల్లు అడిగితే ఆ కార్డే బిల్లు అన్నారు.

ఆట మొదలైన కొద్దిసేపటికే పిన్నులు నిలబెట్టే యంత్రం ఆగిపోయింది. కౌంటర్‌లోని అబ్బాయి ఫోనులో మాట్లాడడం ముగించుకుని వచ్చి, వెనక్కి వెళ్ళి ఏదో సరిచేశాడు. అది కాసేపు నడిచి మళ్ళీ ఆగింది, ఆ తరువాత మళ్ళీ మళ్ళీ ఆగింది. మేము ఖాళీగా కూర్చున్నంతసేపూ తెర మీద మిగిలిన సమయం తగ్గుతూనే ఉంది. గంట పూర్తి కాగానే లేన్ దానంతట అదే మూతపడింది. అప్పటికి మాలో ఒక్కరి ఆట కూడా పూర్తి కాలేదు. వాళ్ళు ఇచ్చిన షూస్ అడుగున తడిగా ఉండడం వల్ల మా ఆడపడుచు కూతురు పడబోయి తమాయించుకుంది. చిన్నవాడికి సరిపోయే తేలికైన బంతి ఒక్కటీ లేకపోవడంతో వాడు పెద్ద బంతిని మోయలేక మధ్యలోనే మానేశాడు.

పోయిన సమయాన్ని కలపమని మేనేజర్‌ను అడిగితే, చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదని గోడ మీద రాసి ఉన్న బోర్డును చూపించారు. మేము సొమ్ము అడగలేదు, సమయం అడిగాము. మా అత్తగారు సగం తెలుగులో, సగం ఒడియాలో నెమ్మదిగా నచ్చజెప్పబోతే, ఆవిడ వయసునైనా గౌరవించకుండా పక్కనున్న ఉద్యోగి వైపు తిరిగి నవ్వారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది అదే.

ఇటువంటి బోర్డు పెట్టినంత మాత్రాన మనం ఏమీ అడగకూడదా? కార్డులో మిగిలిన కొద్ది డబ్బు కూడా వెనక్కి రాదన్నారు, అది న్యాయమేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: గుణుపూర్ మెకానిక్

అమ్మా, నేను కొంతకాలం విశాఖపట్నంలో ఈ యంత్రాల మీదే పనిచేశాను కాబట్టి, మీ లేన్‌లో ఏమి జరిగి ఉంటుందో ఊహించగలను. కొత్తగా పెట్టే చిన్న కేంద్రాలు చాలావాటిలో పిన్నుల తలలకు తాళ్ళు కట్టి ఉండే యంత్రాలను వాడుతున్నారు. వీటికి ఖర్చు తక్కువ, మరమ్మతు తేలిక. పిన్నులు పడ్డాక తాళ్ళు పైకి లాగి, పడనివాటిని తిరిగి యథాస్థానంలో దించుతాయి. ఆ తాళ్ళు ఒకదానితో ఒకటి చిక్కుపడితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. చిక్కు తీయడం పెద్ద పని కాదు కానీ, ఒకే లేన్‌లో అది పదే పదే జరుగుతున్నదంటే తాళ్ళు అరిగిపోయాయనో, వాటి పొడవు సరిగా అమర్చలేదనో అర్థం. అది ఆడేవారి తప్పు ఎంతమాత్రమూ కాదు. పిన్నుల ముందుండే అడ్డుపట్టీ కిందికి దిగి ఉన్నప్పుడు బంతి వేస్తే మాత్రం యంత్రం దెబ్బతింటుంది. ఆ సంగతి ఆట మొదలయ్యే ముందే చెప్పవలసిన బాధ్యత కూడా సిబ్బందిదే.

సమయం విషయానికి వస్తే, ఒక్కో ఆటలో ఒక్కో మనిషికి పది ఫ్రేములు, అంటే బంతి వేసే వంతులు, ఉంటాయి. అంటే గరిష్ఠంగా 21 బంతులు వేయవలసి రావచ్చు. ఒక మనిషి ఆటకు సుమారు పది నిమిషాలు పడుతుంది కనుక, ఆరుగురికి ఒక గంట అంటే సరిగ్గా ఒక్క ఆటకే సరిపోతుంది. యంత్రం పావుగంట ఆగినా ఆ ఆట పూర్తికాదు. ఈ లెక్క కౌంటర్‌లో కూర్చున్నవారికి తెలియకుండా ఉండదు. చాలా కేంద్రాలలో కౌంటర్‌లోని కంప్యూటర్ నుంచి ఒక లేన్ సమయాన్ని ఆపడానికి, పెంచడానికి వీలుంటుంది. మీ లేన్‌కు ఒక్క మీట నొక్కి సమయం కలిపి ఉంటే ఆ కేంద్రానికి పోయేది ఏమీ లేదు.

షూస్ సంగతిని మాత్రం తేలికగా తీసుకోకండి. బంతి వదిలేటప్పుడు చివరి అడుగు నేల మీద మెల్లగా జారాలి, అడుగుభాగం జారేలా తయారు చేసిన షూస్ అందుకే వేసుకోమంటారు. జారవలసిన అడుగు తడిగా ఉంటే ఒక్కసారిగా నేలకు పట్టేస్తుంది, పరుగు మీద ఉన్న మనిషి ముందుకు పడిపోతాడు. మోకాళ్ళు, మణికట్లు దెబ్బతినేది ఇలాగే. బంతులు సాధారణంగా 6 పౌండ్ల నుంచి 16 పౌండ్ల వరకు, అంటే సుమారు 2.7 కిలోల నుంచి 7.25 కిలోల వరకు ఉంటాయి. పిల్లలను ఆడించి డబ్బు తీసుకునేచోట 6 పౌండ్ల బంతులు లేకపోవడం పూర్తిగా నిర్లక్ష్యమే.

ఇకమీదట ఎక్కడికి వెళ్ళినా గంట లెక్కన కాకుండా ఆట లెక్కన ఇస్తారేమో ముందు అడగండి. ఆట లెక్కన కడితే యంత్రం ఆగిన నష్టం వాళ్ళదే అవుతుంది.

జవాబు: పర్లాకిమిడి న్యాయవాది

పై మిత్రులు చెప్పిన సాంకేతిక వివరాలు మీ ఫిర్యాదుకు చాలా ఉపయోగపడతాయి. చట్టం సంగతి నేను చెబుతాను.

2020 జులై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఒప్పుకున్న సేవ నాణ్యతలోగాని, దానిని అందించిన తీరులోగాని లోటు ఉంటే అది సేవా లోపమే. మీకు అమ్మినది ఆడుకోవడానికి వీలున్న ఒక గంట. అందులో కొంత భాగం యంత్రం పనిచేయక పోయిందంటే, ఆ మేరకు వారు సేవను అందించనట్టే లెక్క. బిల్లు ఇవ్వకపోవడాన్నీ, లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో పేర్కొన్న గడువులో, గడువు ఏదీ లేకపోతే 30 రోజులలో, వాపసు ఇవ్వడానికి నిరాకరించడాన్నీ అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల కింద చేర్చింది. గోడ మీది బోర్డు పార్లమెంటు చేసిన చట్టాన్ని రద్దు చేయలేదు. మీరు మనసు మార్చుకుని ఆట మానేసి ఉంటే ఆ బోర్డుకు కొంత అర్థం ఉండేది. వారి యంత్రం ఆగితే దానికి అర్థం లేదు. కార్డులో మిగిలిన సొమ్ము వాపసును కూడా ఇదే ఫిర్యాదులో చేర్చి అడగండి.

బిల్లు గురించి మరొక మాట. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి 200 రూపాయలకు తక్కువ విలువ ఉన్నప్పుడు, కొనుగోలుదారు అడగకపోతే మాత్రమే విడి బిల్లు ఇవ్వకుండా ఉండవచ్చు. ఆరుగురి ఆటకు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది, పైగా మీరు అడిగారు కూడా.

మొదట 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అక్కడ తెలుగులోను, ఒడియాలోను మాట్లాడవచ్చు. వారు తీర్పు చెప్పరు, కానీ వ్యాపారితో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవలసిన నిర్బంధమూ లేదు, సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు ఎప్పుడైనా వేయవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కాబట్టి, మీ ఆడపడుచుగారు డబ్బు కట్టి ఉంటే ఆవిడ శ్రీకాకుళంలో కూడా వేయగలరు. యూపీఐ ద్వారా కట్టి ఉంటే ఫోనులోని ఆ చెల్లింపు వివరమే మీకు ముఖ్యమైన సాక్ష్యం.

జవాబు: రాయగడ ఉపాధ్యాయిని

న్యాయవాది గారి మాటలతో నేను ఏకీభవిస్తాను. అయితే ఫిర్యాదు ఎవరి మీద అన్నది స్పష్టంగా ఉండాలని నా అభిప్రాయం. మా పాఠశాల పిల్లలను ఇటువంటి చోట్లకు తీసుకువెళ్ళినప్పుడు నేను గమనించినదేమంటే, కౌంటర్‌లో డబ్బు తీసుకోవడం, షూస్ ఇవ్వడం, వెనక్కి పరుగెత్తి యంత్రం చూడడం అన్నీ ఒకే కుర్రవాడి నెత్తిన ఉంటాయి. ఫోనులో మాట్లాడుతూ మిమ్మల్ని నిలబెట్టడం తప్పే, కానీ సమయం కలపడానికి అతనికి అనుమతి ఉండి ఉండదు. ఆ అనుమతి ఇవ్వనివారు యజమానులు. ఫిర్యాదు మేనేజర్ మీద, యాజమాన్యం మీద రాయండి, ఆ అబ్బాయి ఉద్యోగం పోయేలా రాయవద్దని నా మనవి.

మీ అత్తగారిని చూసి నవ్విన సంగతి మాత్రం తప్పకుండా రాయండి. సరిహద్దు జిల్లాలలో మనమంతా రెండు భాషలు కలిపే మాట్లాడుకుంటాము. పెద్దావిడ ఒడియా కూడా కలిపి మర్యాదగా మాట్లాడుతుంటే నవ్వడం క్షమించదగినది కాదు. డబ్బు వాపసు వచ్చినా రాకపోయినా, దానికి క్షమాపణ అడగండి.

ప్రశ్న అడిగినవారు: గంజాం గృహిణి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ అబ్బాయి పేరు ఎక్కడా రాయను, రాయగడ వారి మాట సబబుగా ఉంది. డబ్బు మా వారి ఫోను నుంచి యూపీఐలో కట్టాము, ఆ వివరం భద్రంగా ఉంది. ఆగిపోయిన తెరను మా మేనల్లుడు ఫోటో తీశాడు, అందులో మిగిలిన సమయం కూడా కనిపిస్తోంది. ఒక్క సందేహం మిగిలింది. 1915కు ఫోన్ చేయడానికి ముందు యాజమాన్యానికి మేమే ఉత్తరం రాయాలా?

జవాబు: పర్లాకిమిడి న్యాయవాది

తప్పనిసరి కాదు కానీ రాస్తే మంచిది. జరిగిన తేదీ, కట్టిన సొమ్ము, యంత్రం ఆగిన సంగతి, తడి షూస్, బిల్లు నిరాకరణ, అత్తగారి పట్ల ప్రవర్తన, ఇవన్నీ ఒక పేజీలో రాసి, మీరు కోరేది ఏమిటో చివర స్పష్టంగా చెప్పి, పదిహేను రోజుల గడువు ఇవ్వండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదును, ఉత్తరం నకలును దాచుకోండి. ఆ ఫోటో అసలు ప్రతిని ఫోనులోంచి తొలగించవద్దని మీ మేనల్లుడికి ఇప్పుడే చెప్పండి.