మన గేమ్‌లో బళ్లకి కల్పిత కంపెనీలు పెడుతున్నాను, లైనప్ చూసి చెప్పండి

గంటస్తంభం_35 | శనివారం రాత్రి 9:10
అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి గజపతినగరం, సాలూరు మీదుగా ఘాటీ ఎక్కి సుంకి దాకా ఒక రోడ్డు, శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంకో రోడ్డు పెట్టి డ్రైవింగ్ గేమ్ చేస్తున్నానని ఇక్కడ చాలామందికి తెలుసు. ఊళ్లు, జంక్షన్లు అసలువే. బళ్లు మాత్రం కల్పితం. మూడు కంపెనీలు అనుకున్నాను.

దంతపురి మోటార్స్ కార్లు చేస్తుంది. 1960లో "సారథి" అనే పెద్ద కారుతో మొదలు. పాతికేళ్లు అదే కారు, ముందు జాలీ మార్చుకుంటూ మార్క్ 2, మార్క్ 3. తర్వాత 1986లో "గువ్వ", 3 సిలిండర్ల చిన్న కారు. మహేంద్రగిరి జీపులు చేస్తుంది: పొట్టిది, పొడుగుది, పదిమంది ఎక్కే సర్వీసు జీపు. మూడింటికీ ఇంజిన్ ఒకటే. వేగావతి లారీల కంపెనీ, ప్రస్తుతానికి రెండు మోడళ్లు.

ఏ కాలానికి ఏది నప్పుతుందో, పేర్లు ఎలా ఉన్నాయో చెప్పండి.

నాగావళి_డీజిల్ | 9:34
తమ్ముడూ, కష్టపడతన్నావు, కాదనను. కానీ ఏడు రోడ్ల జంక్షన్ అసలుదీ, అరసవల్లి గుడి అసలుదీ, గుడి ముందు ఆగిన కారు మాత్రం కల్పితమా? నాను 1994 నుంచి పదకొండేళ్లు పాలకొండ–శ్రీకాకుళం రోడ్డు మీద ట్రెక్కర్ తోలినాను. మా కాడ దాన్ని ఎవులూ జీపనలేదు, బండనలేదు. ట్రెక్కర్ అనే అన్నారు. అదొచ్చిందంటే సంతకెళ్లే ఆడోళ్లు గంపలెత్తుకుని లగెత్తుకొచ్చీవోరు. అందులో ఉన్నది అంబాసిడర్ ఇంజినే. దాని సప్పుడు ఇంటే కళ్లు మూసుకుని ఏ గేరులో ఉందో సెప్పగలను. దానికి నువ్వు "సర్వీసు జీపు" అని పేరెట్టినావు.

ఉద్దానం_కొబ్బరి | 9:41
అంబాసిడర్ లేకపోతే నేను ఆడను.

గంటస్తంభం_35 | 10:05
అన్నా, నాకు ఇష్టం లేక కాదు. మూడేళ్ల కిందట ఒక కంపెనీ కారుని లోగోతో సహా అచ్చంగా మోడల్ చేసి ఉచితంగానే పెట్టాను. వాళ్ల దగ్గర్నుంచి అభ్యంతరం వచ్చింది, పెట్టిన చోటు నుంచి తీసేశారు. మూడు నెలల పని పోయింది. దాన్ని ఎవరికీ చూపించుకోలేకపోయాను.

ఇంకో సంగతి. లైసెన్సు ఇచ్చినా చాలా కార్ల కంపెనీలు తమ బండి నుజ్జయినట్టు చూపిస్తే ఒప్పుకోవు. నా గేమ్‌లో అసలు పాఠమే ఘాటీ. కిందకి దిగేటప్పుడు చిన్న గేరులో దిగకుండా బ్రేకు మీదే కాలు పెట్టుకుంటే డ్రమ్ములు కాగిపోతాయి, తర్వాత ఎంత తొక్కినా పట్టవు, బండి లోయలోకి పోతుంది. అది చూపించాలి. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ చూడండి. బండి ఎలా నలుగుతుందో అంత బాగా చూపించే గేమ్ ఇంకోటి నేను చూడలేదు. వాళ్లూ గావ్రిల్, ఇబిషు, ఈటీకే అని సొంత కంపెనీలే పెట్టుకున్నారు.

పొందూరు_నూలు | 10:22
కల్పితం చేయాలన్న ఆలోచన సరైనదే. కానీ "మహేంద్రగిరి" అని జీపుల కంపెనీకే పెట్టారేమిటి? పైకి చదవండి. మహేంద్ర జీపు. వినేవాడికి ఏ కంపెనీ గుర్తొస్తుంది? 1999 ట్రేడ్ మార్కుల చట్టం అచ్చంగా అదే పేరు వాడితేనే తప్పు అనదు. జనం పొరబడేంత దగ్గరగా ఉన్నా చాలు. లారీకో కారుకో పెట్టినా ఏదో అనుకోవచ్చు. సరిగ్గా జీపుకే పెట్టారు.

గంటస్తంభం_35 | 10:30
అది మన కొండ పేరండీ. మందస దగ్గర నిలబడితే కనిపిస్తుంది. కొండ పేరు మీద ఎవరికి హక్కు?

బొబ్బిలి_గేరు | 10:33
మహేంద్రగిరి శిఖరం ఒడిశాలో ఉంది, గజపతి జిల్లా. మనది కాదు.

ఉద్దానం_కొబ్బరి | 10:35
మా మేడ మీద నుంచి రోజూ చూస్తాం. మాది కాకపోవడమేంటి?

పొందూరు_నూలు | 10:47
కొండ ఎవరిదన్నది కాదు నేను అడిగింది. జీపు మీద ఆ అక్షరాలు ఎలా కనిపిస్తాయన్నది. ఒకటి చెప్తాను. ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. వాహనాలు 12వ తరగతి, సాఫ్ట్‌వేర్ 9వ తరగతి. మూడు పేర్లూ రెండింట్లోనూ వెతకండి. ఇక బండి ఆకారం సంగతి వేరు. డిజైన్ల చట్టం కింద నమోదైతే రక్షణ పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు, అంతే. 1960 నాటి గుండ్రటి కారు ఆకారాన్ని ఆ చట్టం కింద ఎవరూ ఆపలేరు. పేరూ లోగో అలా కాదు, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే ఎప్పటికీ ఉంటాయి. అంటే మీరు భయపడాల్సింది బంపర్ గురించి కాదు, బంపర్ పైనున్న అక్షరాల గురించి.

బొబ్బిలి_గేరు | 11:02
పేర్ల గొడవ పక్కన పెట్టి చరిత్ర చూడండి. "సారథి" 1960లో వచ్చిందన్నావు. దాని తల్లి ఎవరు? ఆ రోజుల్లో మన దేశంలో కారు గాల్లోంచి పుట్టలేదు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, పద్మిని ఫియట్ 1100 నుంచి, మద్రాసు స్టాండర్డ్ వాళ్ల హెరాల్డ్ ట్రయంఫ్ నుంచి వచ్చాయి. బయట పాతబడిన కారు అచ్చుల్ని తెచ్చుకుని ఇక్కడ దశాబ్దాల తరబడి పోశారు. పర్మిట్ రాజ్యంలో ఎన్ని బళ్లు చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నది 1993లో. కాబట్టి దంతపురికి విదేశీ తల్లి కంపెనీ ఒకటి కావాలి, అది కూడా నువ్వే కల్పించాలి. 1986 గువ్వ అయితే అసలు కుదరదు. మారుతి 800 మొదటి తాళాలు 1983 డిసెంబర్‌లో ఇచ్చారు, 796 సీసీ, సుజుకి సాయం, ప్రభుత్వమే భాగస్వామి. మూడేళ్లకే ఒంటరి కంపెనీ దానికి పోటీ కారు దింపిందంటే ఆ కాలం చూసినవాడెవడూ నమ్మడు.

గంటస్తంభం_35 | 11:15
ఇది బాగుంది. తల్లి కంపెనీ సంగతి నేను ఆలోచించలేదు. గువ్వని 1995కి జరుపుతాను.

నాగావళి_డీజిల్ | 11:20
సూసినావా? కల్పించీడానికి ఇంత కష్టం. ఉన్నది ఉన్నట్టు పెడితే తల్లెవులు, పిల్లెవులు అని అడగనక్కర్లేదు. మా అల్లుడు సెప్పినాడు, హమ్వీ అనే మిలటరీ బండి చేసే అమెరికా కంపెనీ కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ మీద 2017లో కేసేసింది, 2020లో న్యూయార్క్ కోర్టు గేమోళ్లనే గెలిపించిందంట. అసలు బండి పెట్టడం కళలో భాగమే అన్నారంట. మరి నీకేటి భయం?

పొందూరు_నూలు | 11:28
అది నిజమే. కానీ అమెరికా కోర్టు, అమెరికా చట్టం. పైగా ఆ కేసులో నిలబడింది వేల కోట్ల కంపెనీ. గెలిచేదాకా లాయర్లకి కట్టింది ఎవరు? ఇక్కడ ఒక్క కుర్రాడు రాత్రిళ్లు కూర్చుని చేస్తున్నాడు.

సాలూరు_ఘాటీ | ఆదివారం ఉదయం 6:50
రాత్రి పోస్టులన్నీ చదివాను. కారు, జీపు, కొండ. లారీ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. గేమ్‌లో రోడ్డు మాత్రం సాలూరు మీదుగా పోతుంది!

గంటస్తంభం గారూ, మీరు పంపిన టెస్ట్ వెర్షన్‌లో లారీ ఎంచుకుంటే "తయారీ: వేగావతి" అని వస్తోంది. అది తప్పు. లారీ అలా తయారవదు. కంపెనీ నుంచి వచ్చేది చాసిస్ మాత్రమే. ఇంజిన్, చక్రాలు, స్టీరింగు, ముందు కౌల్, అంటే డ్రైవరు ముందుండే రేకు భాగం. డ్రైవరు మొహానికి గుడ్డ చుట్టుకుని, కూర్చోడానికి ఏదో పెట్టుకుని, ఎండలో వానలో దాన్ని తోలుకొచ్చేవాడు. సాలూరు షెడ్డుకి వచ్చాకే అది లారీ అయ్యేది. కేబిన్ కట్టింది ఇక్కడ. పక్క చెక్కలు, వెనక డోరు, పైన పట్టా కట్టుకోడానికి కొక్కేలు, డ్రైవరు వెనక పడుకునే బల్ల, అన్నీ ఇక్కడ. వడ్రంగి, కమ్మరి, వెల్డరు, పెయింటరు, సీటు కుట్టేవాడు. ఒకే కంపెనీ చాసిస్ రెండు షెడ్లకి వెళ్తే రెండు వేర్వేరు లారీలు బయటికొచ్చేవి. ఘాటీ లైనుకి కట్టే బాడీ వేరు, కోస్తా లైనులో కొబ్బరికాయలకి కట్టే బాడీ వేరు. దూరం నుంచి కేబిన్ నుదురు చూసి ఇది ఏ షెడ్డు పనో చెప్పేవాళ్లు.

నాగావళి_డీజిల్ | 7:15
లారీ సంగతి తర్వాత సూద్దుము బాబూ. ముందు ట్రెక్కర్ పేరు తేలాల.

సాలూరు_ఘాటీ | 7:21
ఎప్పుడూ తర్వాతే. రాత్రి నుంచి ఒక్క పేరు కోసం గొడవ పడుతున్నారు. మీ ట్రెక్కర్ పేరు పుస్తకాల్లో ఉంది, ఇంటర్నెట్లో ఉంది. గేమ్‌లో పెట్టకపోయినా అది చచ్చిపోదు. మా నాన్న 27 ఏళ్లు లారీ కేబిన్లు కట్టాడు. ఎన్ని కట్టాడో లెక్క కూడా లేదు. వాటిలో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ముందు పెద్ద అక్షరాలతో చాసిస్ కంపెనీ పేరు, పైన ఓనరు ఇంటి దేవుడి పేరు, తలుపు మీద పర్మిట్ వివరాలు. ఎడమ చేతి రెండు వేళ్లు రంపానికి పోయాయి. ఆ షెడ్డు యజమాని ఆ నెల జీతం కూడా సగమే ఇచ్చాడు. ఇప్పుడు కల్పిత ప్రపంచంలో కూడా, మనకి నచ్చినట్టు రాసుకునే చోట కూడా, మళ్లీ కంపెనీ పేరే రాస్తే ఎలాగండీ?

ఉద్దానం_కొబ్బరి | 7:40
నేను రాత్రి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. లారీ ముందు చేయండి.

నాగావళి_డీజిల్ | 8:25
బాబూ, నీ మాటకి నాకు కళ్లంట నీళ్లొచ్చినాయి. కోప్పడకు. నానూ ఒకటి సెప్తాను. ఆ ట్రెక్కర్ నాది కాదు. ఓనరుది. పదకొండేళ్లు తోలినాను గానీ ఆర్సీ బుక్కులో నా పేరు లేదు. రోడ్డు మీద షేర్ ఆటోలు పెరిగినాక ఓనరు దాన్ని తుక్కుకి అమ్మీసినాడు, నాకు మాట మాత్రం కూడా సెప్పలేదు. పొద్దున్న ఎల్లేసరికి షెడ్డు ఖాళీ. ఒక్క ఫొటో కూడా లేదు నా దగ్గిర. ఊళ్లో మాత్రం ఇప్పటికీ నన్ను ట్రెక్కర్ అప్పారావనో ట్రెక్కర్ మావయ్యనో పిలుస్తారు. ఆ పేరే నాకు మిగిలింది. అందుకే పట్టు పట్టినాను.

పొందూరు_నూలు | 8:50
మావయ్యా, ఆ మాట రాత్రే చెప్పి ఉంటే నేను చట్టాలు వల్లించేవాణ్ని కాదు. కానీ బండి మీద కంపెనీ అక్షరాలు రాయడం వేరు, గేమ్‌లో పల్లెటూరి మనిషి "ట్రెక్కరొచ్చింది" అని కేకేయడం వేరు. మాటల్లో వాడితే ఎవరూ పొరబడరు. బండి మీద మాత్రం కల్పిత పేరే ఉండాలి, నేను అక్కడ మారను. మహేంద్రగిరి కూడా మార్చాలి.

బొబ్బిలి_గేరు | 9:05
నెంబర్ ప్లేట్లు కూడా చూసుకో. 1994 బండికి శ్రీకాకుళంలో ఏపీ 30, విజయనగరంలో ఏపీ 35. ఏపీ 39 అందరికీ వచ్చింది 2019లో. నువ్వు పంపిన ఫొటోలో పాత జీపుకి 39 ఉంది.

గంటస్తంభం_35 | 11:30
ఇప్పుడే అన్నీ చదివాను. సాలూరు గారూ, మన్నించండి. తప్పు నాదే. లారీకి ఇక "చాసిస్" ఒక వరస, "బాడీ" ఒక వరస ఉంటాయి. వేగావతి చాసిస్ తీసుకున్నవాడు సాలూరు వచ్చి షెడ్డు ఎంచుకుని బాడీ కట్టించుకోవాలి. అప్పటిదాకా కేబిన్ లేని చాసిస్ మీదే తోలాలి. షెడ్లు నాలుగు పెడతాను, పేర్లు మీరే చెప్పండి. వెనక డోరు మీద కట్టిన మేస్త్రీ పేరు రాసి ఉంటుంది.

జీపుల కంపెనీ పేరు జంఝావతి అని మారుస్తున్నాను, రిజిస్ట్రీలో వెతికాకే. ప్లేట్లు సరిచేశాను. డీజిల్ మావయ్యా, సర్వీసు జీపు గేరు సప్పుడు నాకు కుదరడం లేదు. మీరు నోటితో చేసి ఫోన్లో రికార్డు చేసి పంపగలరా? రెండు నుంచి మూడుకి మార్చేటప్పటిది ముఖ్యం.

నాగావళి_డీజిల్ | 11:52
పంపుతాను. పేరు మాత్రం నాకింకా నచ్చలేదు. జంఝావతి అంటే ఏరు, బండి కాదు.

సాలూరు_ఘాటీ | మధ్యాహ్నం 12:10
నాన్నకి చదివి వినిపించాను. పేరు అక్కర్లేదన్నాడు. కేబిన్ తలుపు మీరు పెట్టినంత ఎత్తులో ఉండకూడదట. క్లీనరు కుర్రాడికి కాలు అందేలా కింద ఇనప మెట్టు ఒకటి, పట్టుకోడానికి పైన కడ్డీ ఒకటి ఉండాలట. ఆ రెండూ సరిచేస్తే చాలంటున్నాడు. కొలతలు సాయంత్రం రాసి పంపుతాను. పేరు మాత్రం మీరు రాయండి, ఆయనకి నేను చెప్పుకుంటాను.