ఫోన్లు అమ్మే కంపెనీ సొంత సిరీస్‌లు తెస్తే, వాటి హక్కులు ఎవరివి?

నమస్కారం అండి. యాపిల్ కంపెనీ స్ట్రీమింగ్ సర్వీస్ యాపిల్ టీవీ ప్లస్ (2025 నుంచి పేరు యాపిల్ టీవీ) ఎలా మొదలైందన్న దాని మీద కాలేజీ ప్రాజెక్ట్ రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

2017లో యాపిల్ వాళ్లు సోనీ పిక్చర్స్ టెలివిజన్ నుంచి జేమీ ఎర్లిక్ట్, జాక్ వాన్ ఆంబర్గ్ అనే ఇద్దరు పెద్ద అధికారులను తీసుకున్నారు. 2019 నవంబర్ 1న సర్వీస్ మొదలైంది. కథలు ఎంచడం తెలిసినవాళ్లను రెండేళ్ల ముందే తెచ్చుకోవడం చాలా మంచి నిర్ణయమని నాకు అనిపించింది.

అంతుపట్టనిది హక్కుల సంగతి. మొదట్లో చాలా షోలు బయటి స్టూడియోలే తీశాయి కదా. 'కోడా' సినిమానైతే పూర్తయ్యాక, 2021 సండాన్స్ చిత్రోత్సవంలో కొన్నారు. మరుసటి ఏడాది దానికే ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అయినా అన్నిటినీ 'ఒరిజినల్' (అంటే కంపెనీ సొంతది) అనే అంటారు.

మరి బయటివాళ్లు తీసే సిరీస్‌కు ఖర్చు ముందుగా ఎవరు పెడతారు? కంపెనీ మధ్యలో ఆపేస్తే నిర్మాతలు దాన్ని ఇంకో సర్వీస్‌కు అమ్ముకోవచ్చా? అసలు టెన్షన్ ఈ రెండో ప్రశ్నతోనే, నా చివరి అధ్యాయమంతా దీని మీదే ఉంది. నిర్మాణ సంస్థల్లో పనిచేసినవాళ్లు, ఇలాంటి ఒప్పందాలు చూసిన లాయర్లు ఎవరైనా ఉంటే మామూలుగా ఏం రాసుకుంటారో చెప్పండి, ప్లీజ్.