చలికాలం పిట్టల లెక్కలో కొత్తవాళ్ళ అంకెలు కలపాలా, పక్కన పెట్టాలా?

బొల్లికోడి:
మా పిట్టల గ్రూపులో ఇదే గొడవ నడుస్తోంది, అక్కడ మాట్లాడదామంటే అందరూ తెలిసినవాళ్ళే, మొహమాటం. అందుకే ఇక్కడ పెడుతున్నా. జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ ఉంటుంది కదా, 1987 నుంచి నడుస్తున్న నీటిపక్షుల లెక్క, దానికి మా గ్రూపు హైదరాబాద్ చుట్టూ కొన్ని చెరువులు చూస్తుంది. ఎవరికీ జీతం లేదు, పొద్దున్నే లేచి సొంత పెట్రోలు పోసుకుని వెళ్ళడమే. ఈసారి ఇన్‌స్టాలో పోస్టర్ పెట్టేసరికి కొత్తవాళ్ళు బాగా వచ్చారు, ఐటీవాళ్ళు, డిగ్రీ పిల్లలు, రిటైరైన బ్యాంకాయన ఒకరు. సగం మందికి బైనాక్యులర్ లేదు. షీట్లు కలిపేటప్పుడు తేలిందేంటంటే ఒకే చెరువు, ఒకే పొద్దున, ఈ గట్టు మీది టీము సూదితోక బాతులు మూడొందలు అని రాస్తే ఆ గట్టు మీది టీము తొమ్మిదొందలు రాసింది. రెండో టీములో అందరూ కొత్తవాళ్ళే. ఇప్పుడు సీనియర్లు కొందరు కొత్తవాళ్ళ షీట్లన్నీ పక్కన పెట్టి అనుభవం ఉన్నవాళ్ళవే పంపుదాం అంటున్నారు. నాకది సరైందిగా అనిపించట్లేదు. పొద్దున్నే చలిలో పిలిచి, గ్రూపు ఫోటో దిగి, తీరా వాళ్ళు రాసింది చెత్తబుట్టలో వేస్తామా? మీరేమంటారు?

లెక్కలసారు:
చెత్తబుట్టలో వెయ్యమని ఎవరూ అనలేదండీ, పంపొద్దు అంటున్నారు, తేడా ఉంది. మీరు మనుషుల మనసు గురించి మాట్లాడుతున్నారు, సెన్సస్ అడిగేది పిట్టల సంఖ్య. మూడొందలకీ తొమ్మిదొందలకీ మధ్య ఆరొందల బాతులు ఎక్కడివి? రేపు ఎవరైనా ఆ చెరువు పదేళ్ళ పట్టిక తీస్తే ఈ ఏడాది ఉన్నట్టుండి మూడింతలు పెరిగాయి, చెరువు బ్రహ్మాండంగా ఉంది అని రాసుకుంటారు. అక్కడ చూస్తే సగం గుర్రపు డెక్క.

జీడిమెట్ల_పోరడు:
సార్ మూడొందలే కరెక్ట్ అని మీకెట్ల తెలుసు? సీనియర్లు తక్కువ లెక్కపెట్టి ఉండొచ్చు గదా 😀

లెక్కలసారు:
ఉండొచ్చు తమ్ముడూ, పెద్ద గుంపుల్ని మామూలుగా జనం తక్కువే లెక్కపెడతారు, కాదనను. కానీ సీనియర్ ఎలా లెక్కపెట్టాడో అడిగితే చెప్తాడు. ముందు పది పిట్టలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటికి పట్టించుకుంటాం, తర్వాత అదే కొలతతో గుంపంతా జరుపుకుంటూ పోతాం, పెద్ద గుంపైతే యాభై చొప్పున. పెళ్ళి భోజనాల దగ్గర మనిషి మనిషినీ లెక్కపెట్టకుండా బంతులు లెక్కేసినట్టు. కొత్తగా వచ్చినవాళ్ళని ఎలా లెక్కపెట్టారు అంటే 'చూస్తే అంత ఉన్నట్టు అనిపించింది సార్' అంటారు. ఇంకోటి, బాతులు ఊరికే లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ దిగుతాయి, డేగ వస్తే అసలు ఆగవు. లేచినప్పుడోసారి, దిగాక ఇంకోసారి లెక్కపెడితే అయింది కథ.

మియాపూర్_అమ్మ:
నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని, మా ఎనిమిదో తరగతి పిల్లల్ని అమీన్‌పూర్ చెరువుకి తీసుకెళ్తుంటా. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు, మన దేశంలో ఊళ్ళో ఉన్న చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. పిల్లలకి ఈ సంగతి చెప్తే నమ్మరు, మా చెరువా టీచర్ అంటారు. సార్ మాటలకి నాకు కొంచెం బాధేసింది నిజంగా. మా పిల్లలకి ఇంగ్లీషు పేర్లు రావు గానీ నీళ్ళలో మునిగి ఇంకోచోట తేలే బుడబుంగని, బొల్లికోడిని, నీటికాకిని విడివిడిగా చెప్తారు. లోకమంతా తిరిగి వచ్చి అన్నిటినీ 'డక్స్' అని రాసే పెద్దవాళ్ళకంటే నయం. అనుభవం అంటే ఏంటి, ఖరీదైన లెన్సా?

లాంగ్‌లెన్స్:
లెన్స్ పేరెత్తారు కాబట్టి వచ్చా. మేడం, ఫోటో లేకపోతే సాక్ష్యం ఎక్కడిది? మా వాళ్ళు ఫోటో తీస్తారు కాబట్టే ఎన్నో రికార్డులు నిలబడ్డాయి. 1931-32లో సలీం అలీ గారు నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు పిట్టల్ని నమూనాలుగా సేకరించి పెట్టారు, అప్పటి పద్ధతి అది. ఇప్పుడు చంపక్కర్లేదు, ఒక క్లిక్ చాలు.

పాతబైనాక్యులర్:
క్లిక్ చాలదు నాయనా, దగ్గరికి కూడా వెళ్తున్నారు మీవాళ్ళు. ఎండు గడ్డిలో రాత్రి దిగి నిద్రపోయే హారియర్ డేగల కోసం పొద్దున్నే గడ్డిలోకి దూరి లేపుతారు. స్పీకర్లో కూత పెట్టి పిలవడం వేరే. కొత్తవాళ్ళతో లెక్క పాడవుతుందో లేదో గానీ కెమెరావాళ్ళు గట్టు దిగి నీళ్ళ దాకా వెళ్తే ఆ పొద్దున లెక్కే ఉండదు, అన్నీ అవతలి చెరువుకి పోతాయి, అక్కడివాళ్ళు రాసుకుంటారు. ఇది వేరే చర్చ అంటారు, సరే వదిలేస్తున్నా.

బొల్లికోడి:
వేరే చర్చే కానీ నిజం 😐

జీడిమెట్ల_పోరడు:
నేను కొత్తోణ్ణే, నా దిక్కు నుంచి చెప్త. మొదటిసారి పోయినప్పుడు ఫోన్ల మెర్లిన్ యాప్ ఆన్ చేసి పట్టుకున్న, కూత వినంగనే పేరు చూపెడ్తది, మస్తు ఖుషీ అయింది, చూపెట్టినవన్ని రాసేసిన. పక్కనున్న అన్న నవ్విండు. నువ్వు కంటితోని చూసినవా అన్నడు, లేదన్న, మరి చెవుతోని ఇన్నవా అన్నడు, యాప్ ఇన్నది అన్న. గప్పుడు కొట్టేపిచ్చిండు. గంతే, ఒక్క మాటతోని నేర్చుకున్న. షీటు పక్కన పెట్టి ఏం చెప్పకపోతే నేనెట్ల నేర్చుకుంట?

లెక్కలసారు:
ఇది బాగా చెప్పావు. నేను అడిగేది అదే, నేర్చుకో, ఒక ఏడాది పక్కన నిలబడి రాసుకో, వచ్చే ఏడు నీ అంకె వేద్దాం.

మియాపూర్_అమ్మ:
ఒక ఏడాది పక్కన నిలబడమంటే సగం మంది రారు సార్. ఆడపిల్లలైతే తెల్లారి ఐదున్నరకి చెరువుగట్టుకి రావడానికి ఇంట్లో ఎంత నచ్చజెప్పుకోవాలో మీకు తెలీదు. వీధికుక్కలు, మందుబాటిళ్ళు, లైట్లుండవు. ఇన్ని దాటుకుని వస్తే నువ్వు చూడు గానీ నీది లెక్కలోకి రాదు అంటే ఎందుకొస్తారు.

హిమాయత్_కొంగ:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను చాలాకాలంగా గండిపేట, హిమాయత్‌సాగర్ వైపు లెక్కకి వెళ్తున్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మీరిద్దరూ అంకె చుట్టూ తిరుగుతున్నారు. ఆ అంకె పక్కన ఏం రాశారన్నది ఎవరూ అడగట్లేదు. గండిపేట ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండినప్పటి నీటి మట్టం, సముద్ర మట్టం నుంచి 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. గేట్లు ఎత్తిన ఏడాది నీళ్ళు గట్టుని తాకుతూ ఉంటాయి, బురద అంచు కనిపించదు, బురదే లేకపోతే సాండ్‌పైపర్లు, స్టింట్లు, ప్లోవర్లు లాంటి ఒడ్డున మేసే పిట్టలు ఎక్కడ నిలబడతాయి? నీళ్ళు బాగా ఉన్న ఏడు బాతులు కూడా ఒక్కచోట ఉండవు, వికారాబాద్ దాకా ప్రతి ఊరి చెరువూ నిండుగా ఉంటుంది కాబట్టి చెదిరిపోతాయి. 2020 అక్టోబర్ వరదల తర్వాత వచ్చిన చలికాలం గుర్తు తెచ్చుకోండి. వానలు తక్కువైన ఏడు చిన్న చెరువులు ఎండిపోయి ఉన్న పక్షులన్నీ పెద్ద చెరువులో గుమిగూడతాయి, లెక్క పెరుగుతుంది. అలా పెరిగితే మంచి వార్తా చెడ్డ వార్తా? నీటి మట్టం రాయకుండా సీనియర్ రాసిన మూడొందలు కూడా నాకు పనికిరాదు సార్, కోపం తెచ్చుకోకండి.

రెండోది, 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్టు సంగతి. ముప్పై వేల మందికి పైగా మామూలు జనం ఈబర్డ్‌లో, అంటే చూసిన పిట్టల లిస్టులు ఎవరైనా పెట్టుకునే వెబ్‌సైట్‌లో, పెట్టిన మూడు కోట్ల రికార్డులు తీసుకుని 942 రకాల పక్షుల పరిస్థితి చూశారు. అందులో ఏ పక్షి పెరుగుతోంది ఏది తగ్గుతోంది అన్నది ప్రధానంగా మనం రాసిన సంఖ్యల మీద తేల్చలేదు. ఎన్ని లిస్టుల్లో ఆ పక్షి పేరు వచ్చిందన్నది చూశారు. అంటే చూసినవన్నీ దాచకుండా రాసిన పూర్తి లిస్టు అయితే కొత్తవాడిది కూడా పనికొచ్చింది. ఎంతసేపు చూశావు, ఎంత దూరం నడిచావు, ఎంతమంది ఉన్నారు అనేవి రాసి ఉంటే చాలు.

లెక్కలసారు:
ఒక్క నిమిషం. అది ఈబర్డ్. అక్కడ లక్షల లిస్టులుంటాయి, ఒకడి తప్పు ఆ రాశిలో మునిగిపోతుంది, పైగా తేడాగా ఉన్న రికార్డుని రివ్యూ చేసేవాళ్ళు ఉంటారు. వాటర్‌బర్డ్ సెన్సస్‌లో ఒక చెరువుకి ఏడాదికి ఒక్క షీటు. అక్కడ సంఖ్యే ప్రాణం, ఫలానా చోట నీటిపక్షులు ఇన్ని వేలున్నాయి అని చూపించే కదా ఆ తడి నేలకి అంతర్జాతీయ ప్రాధాన్యం ఉందంటారు. ఒక్క షీటులో తప్పుంటే దాన్ని ముంచేయడానికి వేరే షీట్లు ఎక్కడున్నాయి? రెంటినీ కలిపి మాట్లాడొద్దు.

హిమాయత్_కొంగ:
ఇది మాత్రం ఒప్పుకుంటాను, రెండిటి పని వేరు. అందుకే నేను సంఖ్యని కొత్తవాళ్ళకి వదలమనట్లేదు, లిస్టుని వదలమంటున్నాను. కేరళవాళ్ళు 2015 నుంచి 2020 దాకా రాష్ట్రమంతా గడులుగా విడగొట్టుకుని బర్డ్ అట్లాస్, అంటే ఏ పిట్ట ఎక్కడుందో చూపే పటం, చేశారు, అదీ వాలంటీర్లతోనే. చోటు ముందే నిర్ణయం, ఒక్కో లిస్టుకి పదిహేను నిమిషాలు. నీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళి నీ ఇష్టమొచ్చినంత సేపు చూడు అనలేదు. పద్ధతి గట్టిగా ఉంటే కొత్తవాడు కూడా అందులో ఒదుగుతాడు. మన దగ్గర పోస్టర్ మీద పెట్టిన శ్రద్ధ పద్ధతి మీద పెట్టట్లేదు, తప్పు వచ్చినవాళ్ళ మీదకి తోసేస్తున్నాం.

పాతబైనాక్యులర్:
పోస్టర్ మాట నూటికి నూరుపాళ్ళు. టోపీలు, బ్యానర్ కూడా కొట్టించారు ఈసారి.

లాంగ్‌లెన్స్:
మరి ఆడ బాతుల సంగతేంటి? దూరం నుంచి గార్గనీ ఆడది, టీల్ ఆడది, గరిటముక్కు బాతు ఆడది అన్నీ గోధుమరంగే. కొత్తవాళ్ళు ఏదో ఒక పేరు రాసేస్తారు, ఖాళీ వదలడానికి నామోషీ.

హిమాయత్_కొంగ:
ఖాళీ వదలక్కర్లేదు, 'ఏదో బాతు' అని రాయడానికి ఈబర్డ్‌లోనే వీలుంది. మంచి వాచర్ షీటులో 'ఏదో సాండ్‌పైపర్' అని ఒకట్రెండు ఉంటాయి. అన్నిటికీ పేర్లున్న షీటు చూస్తేనే నాకు అనుమానం. గ్రీన్ సాండ్‌పైపర్ ఎగిరితే రెక్క కింద నల్లగా కనపడుతుంది, వుడ్ సాండ్‌పైపర్‌కి అక్కడ తెలుపు, కంటి మీద గీత కూడా బాగా తెలుస్తుంది, కానీ అవి ఎగరకుండా, ఎదురెండలో, అవతలి ఒడ్డున ఉంటే నేను కూడా చెప్పను.

జీడిమెట్ల_పోరడు:
గిది ముందే చెప్తే మంచిగుండు, తెల్వదు అని రాస్తే తిడ్తరేమో అనుకున్న నేను.

మియాపూర్_అమ్మ:
ఇంకో కోణం ఎవరూ అనట్లేదు. లెక్క ఎవరి కోసం? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ అయినప్పుడు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమన్నప్పుడు, అక్కడ ఏముంది ఖాళీ నేలే కదా అన్నవాళ్ళకి చూపించడానికి యూనివర్సిటీ పిల్లలు, పిట్టలు చూసేవాళ్ళు ఏళ్ళుగా రాసుకున్న జాబితాలు ఉన్నాయి. ఆ రాసినవాళ్ళంతా సీనియర్లా? మొదటి రోజు పాలపిట్టని లకుముకి అనుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు. ఇవాళ పక్కన పెడితే రేపు ఆ చెరువు పూడ్చే రోజున గట్టు మీద నిలబడి అడిగేది ఎవరు?

లెక్కలసారు:
అమ్మా మీ మాట కాదనను, కానీ సరిగ్గా అందుకే భయం. అవతలివాళ్ళ లాయరు మొదట వెతికేది ఇలాంటి తొమ్మిదొందలే. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా షీటంతా పిల్లల ఆట అంటాడు. చెరువు కోసం వాడాల్సిన కాగితం అయితే ఇంకా గట్టిగా ఉండాలి.

బొల్లికోడి:
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు.

హిమాయత్_కొంగ:
గట్టిగా ఉండాలంటే తీసేయడం కాదు సార్, ఎవరు ఎలా లెక్కపెట్టారో రాసి ఉంచడం. తీసేసిన షీటు గురించి అడిగితే ఇంకా ఇరుక్కుంటాం, మీకు నచ్చని అంకెలు దాచారా అంటారు. నా మాట వింటే, ఒక్కో టీములో ఒక్కరే సంఖ్య చెప్పాలి, మిగతావాళ్ళు రాయడం, వెతకడం, టైము చూడటం. కొత్తవాళ్ళ కళ్ళు చురుకు, రెల్లులో దాక్కున్నవాటిని వాళ్ళే ముందు పడతారు. పక్కపక్క చెరువులు ఒకే గంటలో మొదలుపెట్టాలి, ఇక్కడ లేచి అక్కడ దిగినవి రెండుసార్లు పడకుండా. నీటి మట్టం, గుర్రపు డెక్క ఎంత, వల వేస్తున్నారా, డ్రోన్ ఎగిరిందా, అన్నీ షీటు మీద. మా వైపు చేపలు పట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, దీపావళి దాటాక ఏ బాతు ఏ మూల దిగుతుందో ఆయన్ని అడిగాకే నేను స్కోప్ ఎక్కడ పెట్టాలో చూసుకుంటా. ఆయన పేరు ఏ షీటులోనూ లేదు, అది కూడా ఆలోచించండి.

లాంగ్‌లెన్స్:
టీముకి ఒకరు చొప్పున సంఖ్య చెప్పేవాళ్ళు మీ గ్రూపులో ఎంతమంది ఉన్నారు మరి? ఉన్న నలుగురినీ పంచితే నాలుగు చెరువులే అవుతాయి.

హిమాయత్_కొంగ:
అయితే నాలుగే చేయండి. అన్ని చెరువులూ చేశాం అని చెప్పుకోవడం ఎందుకు? మిగతావాటికి ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉండనే ఉంది, నాలుగు రోజులు, కొత్తవాళ్ళు సొంతంగా లిస్టులు పెట్టుకోవచ్చు, అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచైనా సరే.

లెక్కలసారు:
చెరువులు తగ్గించడానికి నేను ఒప్పుకోను. ఏటా చూసిన చెరువు ఒక ఏడు వదిలేస్తే ఆ గడి ఖాళీ, పట్టిక తెగిపోతుంది. దానికంటే నేను రెండు చెరువులు ఒక్కణ్ణే తిరుగుతా.

పాతబైనాక్యులర్:
ఒకే గంటలో రెండు చెరువులు ఎలా తిరుగుతావయ్యా 😂

బొల్లికోడి:
సరే, ఈ ఏడాది షీటు పంపడానికి ఇంకా టైముంది. నేను గ్రూపులో అడగబోయేది ఇది: ఆ చెరువుకి సంఖ్య మూడొందలు రాసిన టీముది ఇద్దాం, తొమ్మిదొందల షీటు కూడా జత చేసి ఎవరు ఎక్కడ నిలబడి ఎలా లెక్కపెట్టారో కింద రాద్దాం. ఆ టీములో ఇద్దరితో ఫోన్లో మాట్లాడా, బాతులు రెండుసార్లు లేచాయి, లేచినప్పుడల్లా రాశాం అన్నారు. అంటే లెక్కలసారు అనుమానం నిజమే, కానీ వాళ్ళని అడిగితే దాచకుండా చెప్పారు, ఇంతవరకూ గ్రూపులో ఎవరూ అడగలేదు అంతే.

లెక్కలసారు:
జత చేయడం కూడా నాకు ఇష్టం లేదు, గ్రూపులో కూడా ఇదే చెప్తా. ఓటింగ్ పెడితే పెట్టండి.