రెండు నిమిషాలు... ఇది శీఘ్రస్ఖలనమేనా?

గోదారి_అబ్బాయి:
వయసు 29, పెళ్లయి నాలుగు నెలలు. బస్టాండు గోడ మీద ‘నరాల బలహీనత’ పోస్టర్ చూసి, లాడ్జి గదిలో కూర్చునే ఒకాయన దగ్గరికి వెళ్లాను. నాడి పట్టుకుని, ‘చేతి అలవాటు వల్ల వీర్యం పలచబడింది’ అని 6,500 తీసుకుని లేహ్యం ఇచ్చాడు. కడుపులో మంట తప్ప ఏమీ రాలేదు. నవ్వకండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూశాను. ఒకటిన్నర, రెండు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు. మా ఆవిడ ఏమీ అనదు, నాకు అదే ఎక్కువ టెన్షన్. అసలు ఎంతసేపుంటే మామూలు?

బాస్_99:
మినిమం అరగంట ఉండాలి బ్రో. మా ఫ్రెండ్స్ అందరూ అంతే.

ఓపీ_నర్సు:
పై తమ్ముడి ఫ్రెండ్స్ అబద్ధాలు చెబుతున్నారు. యూరాలజీ ఓపీలో పదకొండేళ్లు చేశాను, ఇలాంటి లెక్కలు చాలా విన్నాను. స్టాప్‌వాచ్ పట్టింది నువ్వొక్కడివే కాదులే. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు దేశాల్లో దాదాపు 500 జంటలకు అదే ఇచ్చి కొలిపించారు. ప్రవేశం నుంచి లెక్కిస్తే మధ్య విలువ 5.4 నిమిషాలు. అంటే సగం మంది అంతకు లోపే.

డాక్టర్లు శీఘ్రస్ఖలనం అనాలంటే మూడూ ఉండాలి. మొదటి అనుభవం నుంచీ దాదాపు ప్రతిసారీ నిమిషంలోపే అయిపోవాలి, లేదా ముందు బాగానే ఉండి తర్వాత మూడు నిమిషాలకో అంతకంటే తక్కువకో పడిపోవాలి. ఆపుకోవడం చేతకాకూడదు. దానివల్ల మనిషికి బాధ ఉండాలి. నీకు బాధ ఉంది, మొదటిది మాత్రం కుదరడం లేదు. పైగా ఆరు నెలలైనా చూడకుండా పేరు పెట్టరు.

దీన్ని పట్టడానికి మెషీనేమీ లేదు, ప్రశ్నలే. మొదటి నుంచా, మధ్యలో వచ్చిందా? గట్టితనం నిలుస్తోందా? (అది జారిపోతుందేమోనని తొందరపడేవాళ్లు ఎక్కువ. అప్పుడు ముందు చూడాల్సింది ఆ సంగతి.) మూత్రంలో మంట ఉందా? వీర్య పరీక్ష రాస్తే మాత్రం ఎందుకని అడుగు. అది పిల్లల కోసం చేసేది, దీనికి సంబంధం లేదు.

పాతకాపు:
నాకు 43లో ఉన్నట్టుండి మొదలైంది. చెయ్యి వణుకు, బరువు తగ్గడం కూడా ఉన్నా చెప్పలేదు, సిగ్గు. చివరికి చూస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది. దానికి మందు వాడాక ఇదీ సర్దుకుంది. డాక్టరు దగ్గర మిగతావి కూడా దాచకు.

గోదారి_అబ్బాయి:
థాంక్స్ అన్నా. లేహ్యం డబ్బా పారేశాను. రాత్రి మా ఆవిడకి అంతా చెప్పేశాను, స్టాప్‌వాచ్‌తో సహా. ‘ఆ ఫోన్ వెలుగు అందుకా? ఆఫీసు మెసేజ్‌లు చూసుకుంటున్నారేమో అనుకుని నేనే ఊరుకున్నాను’ అంది.