ఇంట్లోంచి ఇంటర్వ్యూలు: ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలి?

తడినోట్సు (జనవరి 2021):
గర్భస్రావం జరిగిన ఆడవాళ్ళతో మాట్లాడి పీహెచ్‌డీ చేస్తున్నాను. 2020 మార్చి దాకా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఇప్పుడంతా జూమే. పడకగది తలుపు కింద తువ్వాలు కుక్కి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను.

వాళ్ళ గొంతు బయటికి పోదు, నాది పోతుంది. ‘ఆ రోజు మీ పక్కన ఎవరున్నారు?’, ‘తర్వాత ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తారా?’ అని అడుగుతుంటే అవతలి గదిలో మా ఆయనకి వినబడుతూనే ఉంటుంది. నాకూ రెండేళ్ళ కిందట పదకొండో వారంలో పోయింది. ఆయన అవేవీ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. మొన్న అన్నం తింటూ ‘ప్రశ్నలు బాగా రాశావు’ అన్నారు. అంతే.

అసలు సంగతి. నిన్న ఒకావిడ ‘ఇదెలా ఉంటుందో మీకు తెలుసా?’ అని సూటిగా అడిగింది. నెట్ ఆగిపోయినట్టు నటించాను. సిగ్గుగా ఉంది. ఏం చెప్పాల్సింది?

పాతరికార్డరు:
ముందు మీ గొంతు సంగతి చూడండి. బరువైన ప్రశ్నలు చాట్‌లో టైప్ చేయండి, ఆవిడ నోటితో చెప్తుంది. మొదట్లోనే ‘పక్కన ఎవరైనా ఉన్నారా?’ అని అడగండి, అవును, కాదు అంటే చాలు. మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి మామూలు ప్రశ్నలు నాలుగు దగ్గర పెట్టుకోండి. గృహహింస పరిశోధనకని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇచ్చిన సూచనల్లోనే ఈ జాగ్రత్త ఉంది. ఫైళ్ళు క్లౌడ్‌లో వద్దు. జూమ్‌లో మొన్న అక్టోబరులో వచ్చిన ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునేవాళ్ళకి తప్ప మధ్యలో కంపెనీకి కూడా వినబడకుండా చేసే తాళం) పెడితే క్లౌడ్ రికార్డింగ్ ఎలాగూ పనిచేయదు.

రెండోచూపు:
నేను ఆత్మహత్యలో ఇంటిమనిషిని పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడతాను, నేనూ వాళ్ళలో ఒకదాన్నే. ఒకసారి మొత్తం చెప్పేశాను. పాపం, ఆవిడ నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. మిగతా అరగంటా నా కథే. ఇప్పుడు ‘తెలుసండీ’ అని ఊరుకుంటాను. ఇంకా అడిగితే రికార్డింగ్ ఆపాక చెప్తాను. అబద్ధం మాత్రం ఆడకండి.

ఎడమచేతివాటం:
‘తెలుసు’ అన్నా చిక్కే. ఆ తర్వాత ‘మీకు తెలియనిదేముంది’ అని అసలు విషయం దాటేస్తారు. అప్పుడు ‘నాకు జరిగింది వేరు, మీది చెప్పండి’ అనాలి. నేనైతే సమ్మతి పత్రంలోనే ‘నాకూ ఇది జరిగింది’ అని ఒక వాక్యం రాసేదాన్ని. దానికి పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ మళ్ళీ ఒప్పుకోవాలి, నెల పట్టొచ్చు.

తడినోట్సు:
ఆవిడకి మెసేజ్ పెట్టాను, నెట్ బాగానే ఉందని, నాకు తెలుసని. శుక్రవారం మళ్ళీ మాట్లాడదామంది. ఆ గంట మేడ మీదికి వెళ్ళమని మా ఆయనకి చెప్పాను. ఆవిడ సంతకం పెట్టిన పత్రంలో మీరు వినొచ్చని లేదన్నాను. కాసేపాగి ‘నీ పత్రంలో?’ అన్నారు. ఇంకా ఏం చెప్పలేదు.