కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు: నవలకూ వ్యాసానికీ ఒకే పోటీయా?

నాంపల్లి చదువరి:
తెలుగుకు ఏడాదికి ఒకటే అవార్డు. లక్ష రూపాయలు, తామ్రపత్రం. 2022లో నవల (మనోధర్మపరాగం), 2023లో కథలు (రామేశ్వరం కాకులు), 2024లో విమర్శ (దీపిక). ఆ పుస్తకాల మీద నాకే పేచీ లేదు. ముగ్గురు జ్యూరీ సభ్యులు నవలనూ వ్యాసాలనూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? కాల్పనిక రచనకు ఒకటి, మిగతా వచనానికి ఒకటి ఇవ్వాలి. తెలుగు విశ్వవిద్యాలయం సాహితీ పురస్కారాలను ప్రక్రియలవారీగానే ఇస్తోంది కదా.

పాదసూచిక:
1955లో తెలుగుకు వచ్చిన మొదటి అవార్డే సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు. 1956లో తత్వశాస్త్రం, 1957లో జీవిత చరిత్ర, 1961లో వాగ్గేయకార చరిత్ర. నవల వంతు వచ్చింది 1963లో, గోపీచంద్ గారికి. ఒకే తక్కెడ అప్పుడు బాగానే తూచింది.

కథలపిచ్చి:
మరి కవిత్వాన్ని ఏ పెట్టెలో వేస్తరు అన్నా?

నాంపల్లి చదువరి:
అప్పటి మాట వదిలేయండి. 2015 నుంచి 2024 దాకా లెక్కపెట్టండి: కవిత్వం నాలుగు, నవలలు రెండు, కథలు రెండు, విమర్శ రెండు. చరిత్ర సున్న. జీవిత చరిత్ర సున్న. సైన్సు సున్న.

పాదసూచిక:
ఆ సున్నలు జ్యూరీ పెట్టినవి కావు, పుస్తకాలు అక్కడిదాకా రావు. 2024 అవార్డుకు 2018–2022 మధ్య మొదటిసారి అచ్చయినవే చూస్తారు. డిగ్రీ కోసం రాసిన పరిశోధన చెల్లదు. మన దగ్గర గట్టి చరిత్ర పుస్తకాలు చాలావరకు పీహెచ్‌డీల్లోంచే వస్తాయి. సగం వడపోత అక్కడే అయిపోతుంది.

నాంపల్లి చదువరి:
థీసిస్‌కు అవార్డా? 'మొదటి అధ్యాయం: పరిచయం, రెండో అధ్యాయం: పూర్వ పరిశోధనలు' అని సాగేదాన్ని ఎవరు చదువుతారండీ?

పాదసూచిక:
చదవకుండానే తీసిపారేస్తున్నారు చూడండి, నా కోపం అందుకే. చరిత్ర పుస్తకం వస్తే ముందు చివరి పేజీలు తిప్పాలి. పదసూచి ఉందా? గ్రంథసూచిలో ముద్రణ సంవత్సరాలు వేశారా? ఉటంకింపులు ఒక ఐదు తీసుకుని, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో మూలంతో సరిపోల్చాలి. పేజీ నంబరు తప్పితే అచ్చుతప్పు అనుకోవచ్చు. మూలంలో లేని వాక్యం కనిపిస్తే మాత్రం ఆ పుస్తకాన్ని పక్కన పెట్టాల్సిందే. ఈ పని కవీ కథకుడూ కూర్చున్న జ్యూరీ చేస్తుందా?

నాంపల్లి చదువరి:
అది సాహిత్య అకాడమీ అండి, చరిత్ర పరిషత్తు కాదు. నేను చూసేది వాక్యం. నిజాలన్నీ సరిగ్గా ఉండి, వచనం ఎండిపోయి ఉంటే నేనైతే ఇవ్వను.

పాదసూచిక:
వాక్యం అందంగా ఉండి, తేదీ తప్పయితే ఇస్తారా?

నాంపల్లి చదువరి:
ఒక్క తేదీకయితే ఇస్తాను. వాదనంతా ఆ తేదీ మీదే నిలబడితే ఇవ్వను.

కథలపిచ్చి:
గీ ముక్క మొదలే చెప్పుంటే అయిపోవు గదా. ఇద్దరి లొల్లి రెండు అవార్డుల గురించి కానే కాదు.

పాదసూచిక:
సరే. రెండో అవార్డు పెట్టండి, కాదనను. కానీ ఆ ముగ్గురిలో ఒకరైనా ఆ విషయం తెలిసినవారు ఉండాలి, థీసిస్ నిబంధన తీసేయాలి. ఈ రెండూ లేకుండా ఎన్ని అవార్డులు పెట్టినా మళ్లీ విమర్శ వ్యాసాలకే పోతాయి.

నాంపల్లి చదువరి:
మొదటిదానికి ఒప్పుకుంటాను. థీసిస్‌ను మాత్రం తిరగరాసి తెమ్మనండి.